రోలెక్సుకు రాహుకాలం

గోదావరి జిల్లాల్లో రొయ్యల చెరువులున్న ఊళ్ళన్నిటా ఈమధ్య ఒక ధర్మసందేహం తిరుగుతోంది. చెరువు ఎప్పుడు పట్టాలన్నది కాదు, పిల్లని అత్తారింటికి ఎప్పుడు పంపాలన్నది కాదు. డేటోనా ఎప్పుడు కొనాలి?

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. డేటోనా అంటే రోలెక్సు కంపెనీ కారు పందేలవాళ్ళ కోసమని 1963లో తెచ్చిన వాచీ. అందరికీ కావలసింది స్టీలుది. తెల్ల డయలు, అందులో నల్లంచు చక్రాలు మూడు, చుట్టూ బండి వేగం లెక్క కట్టుకోడానికి అంకెలు. డెల్టా రోడ్ల మీద గోతులు తప్పించుకుంటూ పాకే ఫార్చ్యూనర్ వేగాన్ని ఇది ఎలా కొలుస్తుందో కంపెనీ చెప్పలేదు, మనవాళ్ళు అడగలేదు.

సందేహం వచ్చిన పెద్దమనిషిని ఆసామి అందాం. పేరెందుకు? ఆకివీడు నుంచి పాలకొల్లు దాకా ఎక్కడ కారాపినా ఒకరు దొరుకుతారు. యాభై ఎకరాల వెనామీ చెరువులు, సగానికి పైగా కౌలువి. ఇల్లు కట్టాడు. ఇంటి ముందు రెండు సిమెంటు సింహాల్ని కూర్చోబెట్టాడు. మెళ్ళో గొలుసు ఇక లావెక్కడానికి వీల్లేనంత లావెక్కింది. ఎడమ చెయ్యి ఒక్కటే బోసిగా ఉంది. సంక్రాంతికి బరి దగ్గర ముందు వరస కుర్చీలో కూర్చుని చెయ్యెత్తి పందెం కాస్తే, కోడిని చూసేవాళ్ళకంటే ఆ చేతిని చూసేవాళ్ళే ఎక్కువ మరి.

“ఏరా, ఇప్పుడు కొనెయ్యమంటావా, ఆగమంటావా?” అని బావమరిదిని అడిగాడు.

“ఆగండి బావగారూ, తొందరేముందండి? ముందు మూఢం వెళ్ళిపోనివ్వండి.”

మూఢం వెళ్ళింది, ఆషాఢం వచ్చింది. ఆషాఢం వెళ్ళాక పంతులుగారికి ఫోను చేశారు. వస్తువు బంగారమా, ఇనుమా అని అడిగారాయన. స్టీలని చెబితే, శనివారం మాత్రం ఇంటికి తేకండి అన్నారు. గురువారం మంచిదే, మూడు గంటలకు రాహుకాలం వెళ్ళిపోతుంది, ఆ తర్వాత డబ్బు కట్టండి అన్నారు. గడియారం చూసి రాహుకాలం తెలుసుకోవడం మన తాతల పద్ధతి. రాహుకాలం చూసి గడియారం కొనడం మన పద్ధతి. అభివృద్ధంటే ఇదే కాబోలు.

తిథి, వారం, నక్షత్రం అన్నీ కుదిరి, గురువారం మూడూ పదికి హైదరాబాదు షోరూములో కుడికాలు పెడితే, అక్కడ వాచీ లేదు.

అంటే ఉంది. గాజుపెట్టెలో దీపం కింద మెరుస్తోంది. అది చూడ్డానికేనట, అమ్మకానికి కాదట. సూటేసుకున్న కుర్రాడు మంచినీళ్ళిచ్చాడు, కాఫీ ఇచ్చాడు, పేరు రాసుకుంటానన్నాడు. ఎన్నాళ్ళు పడుద్దని ఆసామి అడిగితే చెప్పలేనన్నాడు. ఏడాదా? చెప్పలేనన్నాడు. మూడేళ్ళా? చెప్పలేనన్నాడు. చివర్లో మాత్రం తల కాస్త వంచి, “ఇంతకుముందు మా దగ్గర ఇంకేమైనా తీసుకున్నారా సార్?” అని అడిగాడు. మంగళగిరి పానకాలస్వామి కూడా సగమైనా పుచ్చుకుని సగం తిరిగిస్తాడు. ఇక్కడ ముందు వేరే వాచీలు, అమ్మగారికి నగలు సమర్పించుకుంటే, అప్పుడు మన మొర ఆలకించే సంగతి ఆలోచిస్తారు. ఈ ఆచారం ఒక్క కొట్టుది కాదు, ఒక్క ఊరిది కాదు. ప్రపంచమంతా వాచీల పిచ్చివాళ్ళు చెప్పుకునే కథే.

ఎప్పుడు కొనాలి అని ఆసామి ఊరంతా అడిగి తిరిగాడు గానీ, ఆ ప్రశ్న ఆయన చేతిలో ఎప్పుడూ లేదు. ఎప్పుడు అమ్మాలో వాళ్ళు చూసుకుంటారు. ఆయన పని ఆగడం.

ఆగడం మనకి కొత్తా? బజాజ్ చేతక్ స్కూటరు కోసం డబ్బు కట్టి పదేళ్ళు కాచుకున్న జాతి మనది. పెళ్ళికి బుక్ చేస్తే పిల్లాడి అక్షరాభ్యాసం నాటికి బండి వచ్చేది. టెలిఫోనుకి అంతే, గ్యాసుబండకి అంతే. అప్పట్లో మనం దాన్ని లైసెన్సు రాజ్యమని తిట్టాం. ప్రభుత్వం చేతగానిదన్నాం. 1991 తర్వాత ఆ వరసలు పోయాయని పండగ చేసుకున్నాం. ముప్ఫై ఏళ్ళు తిరగకుండానే అదే వరసని జెనీవా నుంచి దిగుమతి చేసుకుని, పైగా సుంకం కట్టి, అందులో నిలబడ్డందుకు మురిసిపోతున్నాం. “మనవాడి పేరు లిస్టులో ఉందండి” అని బావమరిది చెబుతుంటే వినాలి. ఎమ్మెల్యే టిక్కెట్టుకి పేరు పరిశీలనలో ఉన్నవాడి బావమరిదికైనా అంత గర్వం ఉండదు.

వరస వద్దనుకుంటే బ్లాకు ఉంది. వాచీలోకంలో దాన్ని గ్రే మార్కెట్ అంటారు. కొత్త సినిమా మొదటాటకి గోడ పక్కన టిక్కెట్లమ్మే కుర్రాడు చూస్తే నాలుగు మెళకువలు నేర్చుకుంటాడు. కాకపోతే ఆ కుర్రాడికి తెలిసిన సూత్రం ఒకటి ఇక్కడివాళ్ళు మరిచిపోతుంటారు: ఆట మొదలయ్యాక టిక్కెట్టు చిత్తుకాగితం.

పటేక్ ఫిలిప్ వారి నాటిలస్ సంగతే చూడండి. జెరాల్డ్ జెంటా గీసిన ఓడ కిటికీ ఆకారం, 1976లో పుట్టింది. అందులో 5711 అనే రకం 2006లో వచ్చింది. 2021 మొదట్లో కంపెనీ దాన్ని ఆపేస్తున్నామంది. అంతే, లోకం మీద పడింది. అదే ఏడాది డిసెంబరులో టిఫనీ నగల కొట్టు కోసం వాళ్ళ నీలంరంగు డయలుతో 170 చేస్తే, మొదటిది వేలంలో 65 లక్షల డాలర్లు పలికింది. కొట్టులో 35 వేల డాలర్ల మామూలు 5711 కూడా 2022 తొలి నెలల్లో బయట లక్షన్నర డాలర్లు దాటేసింది. ఎప్పుడు కొనాలి అని అప్పటిదాకా తటపటాయించిన బుద్ధిమంతులందరూ సరిగ్గా ఆ నెలల్లోనే నిర్ణయానికొచ్చారు. తర్వాత క్రిప్టో కూలింది, ఆ లాభాలతో వాచీలు కొన్నవాళ్ళు చేతులు ఖాళీ చేసుకోడానికి బజారుకొచ్చారు, ధర జారింది. గోదారికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి ఒకటో హెచ్చరిక, 13 లక్షలకి రెండు, 17 లక్షలకి మూడు ఎగరేస్తారు. వాచీ ధరకి జెండా ఎగరేసేవాడు లేడు. మూడో హెచ్చరిక నాటికే మనవాళ్ళు స్నానానికి దిగుతారు.

అందరూ పరుగెత్తేటప్పుడు కొనకు, ఎవరూ వద్దన్నప్పుడు కొను, ఏటికి ఎదురీదు అని పెట్టుబడి పండితులు చెబుతారు. గోదావరిలో వరదకి ఎదురీదేది ఒక్కటే ఉంది, పులస. దాని చివరి మజిలీ పులుసు.

అయినా పండితుల మాటకి సాక్ష్యం లేకపోలేదు. చిత్రమైన డయలున్న డేటోనాలు కొన్ని 1960ల్లో ఎవరికీ పట్టక కొట్టుల్లో పడి ఉండేవి. అలాంటిదొకటి హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్‌కి ఆయన భార్య కొనిపెట్టింది, జాగ్రత్తగా నడుపు అని వెనక చెక్కించి. 1984లో ఒకనాడు ఆయన కూతురి స్నేహితుణ్ణి టైమెంతైందని అడిగాడు. నా దగ్గర వాచీ లేదండి అన్నాడా కుర్రాడు. అయితే ఇది ఉంచుకో అని తీసిచ్చేశాడు. ఆ కుర్రాడు అల్లుడు కూడా కాలేదు. 2017 అక్టోబరులో న్యూయార్కులో ఆ వాచీ ఒక కోటీ 77 లక్షల డాలర్లకు పోయింది. ఈ కథ చెబితే ఆసామి భార్య చాలాసేపు మాట్లాడలేదు. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వండి పెట్టారని పేపర్లో పడితే ఈర్ష్యపడ్డ మనిషి. “అల్లుడు కానివాడికి అంత పెట్టుబడేమిటండీ?” అంది ఆఖరికి.

మన ఇళ్ళల్లోనే ఇంకో సాక్ష్యం ఉంది. 1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ వాళ్ళ సాయంతో మొదలైన హెచ్‌ఎంటీ వాచీ. ఒకప్పుడు అల్లుడికి సైకిలు, రేడియో, హెచ్‌ఎంటీ పెడితే పెళ్ళి నిలబడేది. ఎలక్ట్రానిక్ వాచీలొచ్చాక దాన్నెవరూ పలకరించలేదు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆ వాచీ కంపెనీని మూసేస్తామంది. మూత మాట వినపడేసరికి జనానికి ప్రేమ పొంగింది. జనతా కావాలి, పైలట్ కావాలి! ఆసామి నాన్నగారి జనతా ఒకటి బీరువాలో పాత పాస్‌బుక్కుల కింద ఉంది. అద్దం మీద గీతలు, డయలు అంచున పసుపు మరక, తోలుపట్టీకి పెద్దాయన మేకుతో పొడిచి చేసుకున్న అదనపు చిల్లు. రోజూ ఉదయం పాలవాడు రాగానే కీ ఇచ్చేవాడాయన. ఆసామి దాన్ని కదిపి చూడలేదు. అది దొరుకుతుంది కదా, దొరికేదాని మీద మోజేముంది?

రాజమండ్రిలో రత్నం పెన్ను కూడా దొరుకుతుంది. స్వదేశీ ఉద్యమం రోజుల్లో మొదలై, గాంధీగారి మెచ్చుకోలు అందుకుని, ఇవాళ్టికీ చేత్తో చేసే పెన్ను. విదేశాల్లో పెన్నుల పిచ్చివాళ్ళు వెతికి మరీ తెప్పించుకుంటారు. నీ చేతికి తగ్గట్టు చేయాలంటే కొన్నాళ్ళాగమంటే ఆసామికి నచ్చలేదు. “పెన్నుకి ఆగడమేంటండీ, చాదస్తం.”

ఇక సుంకాల సంగతి, ఇక్కడే బావమరిది ప్రతాపం చూపించాడు. స్విట్జర్లాండు, మరో మూడు దేశాలతో మనవాళ్ళు 2024 మార్చిలో ఒప్పందం చేసుకున్నారు. అది 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద ఉన్న 20 శాతం సుంకం ఏడేళ్ళలో మెట్టు మెట్టుగా దిగిపోవాలి. “ఏడేళ్ళాగితే ఫ్రీ అండి బావగారూ” అన్నాడు. ఆసామి ఆగుదామనే అనుకున్నాడు. ఈలోగా తెలిసిందేమంటే రోలెక్సు కంపెనీ ఈమధ్య ఏటా జనవరిలో ధర పెంచుకుంటూ పోతోంది. ప్రభుత్వం ఒక మెట్టు దిగితే కంపెనీ ఒక మెట్టెక్కుతుంది, 18 శాతం జీఎస్టీ నిచ్చెన పట్టుకుని నిలబడుతుంది. పైగా 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన వాచీకి కొట్టువాడే ఒక శాతం టీసీఎస్ పట్టుకోవాలి. ఆ శాతం లెక్కలోది కాదు, తిరిగొస్తుంది. అసలు భయం పాన్ నంబరుతో సహా ఢిల్లీకి కబురు వెళ్తుందని. టాక్సు కాగితాల్లో తనని తాను సన్నకారు రైతుగా రాసుకున్న ఆసామికి ఇక్కడ కాస్త చెమట పట్టింది.

అసలు తమాషా 2025 ఆగస్టులో జరిగింది. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒకే నెలలో స్విస్ సరుకు మీద 39 శాతం, మన సరుకు మీద 50 శాతం సుంకం వేశాడు. ఆసామి కొనాలనుకున్న వాచీకీ, ఆసామి అమ్ముకోవలసిన రొయ్యకీ ఒకే చేత్తో మొట్టికాయ. మన వెనామీకి అమెరికాయే పెద్ద బజారు. చెరువుల మీద రేటు పడిపోయింది. స్విట్జర్లాండు వాళ్ళు ఏం చేశారు? నవంబరులో అక్కడి వ్యాపారులు కొందరు వైట్‌హౌసుకి వెళ్ళారు. వెంట ఒక రోలెక్సు బల్లగడియారం, చెక్కించిన బంగారు కడ్డీ పట్టుకెళ్ళారు. పది రోజులు తిరిగేసరికి 39 కాస్తా 15 శాతానికి దిగుతోందని ప్రకటన వచ్చింది. మన 50 అప్పటికి అలాగే ఉంది. గడియారానికీ సుంకానికీ సంబంధం లేదనే పెద్దలన్నారు, మనమూ నమ్ముదాం. కానీ ఆత్రేయపురం పూతరేకులు ఓ రెండు పెట్టెలు, కాకినాడ కోటయ్య కాజా ఓ కిలో తీసుకుని మనవాళ్ళెవరైనా విమానం ఎక్కి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది. రొయ్యల వేపుడు తీసుకెళ్తే దానిమీదా సుంకం వేసేవాడు.

స్విస్ వాడికి ఆ ఓపిక ఎక్కడిదనుకున్నారు? వాచీ పాడవదు. ఈ ఏడాది అమ్మకపోతే పైఏడు ఇంకో ధరకి అమ్ముతాడు. కావాలంటే తక్కువ చేస్తాడు, అసలే ఆపేస్తాడు, ఆపితే ఇంకా పెరుగుతుంది. రొయ్యకి ఆ వెసులుబాటు లేదు. కౌంటుకొచ్చాక ఒక్కో రోజూ మేత ఖర్చు, కరెంటు ఖర్చు. తెల్లమచ్చ తెగులు తగిలిందో, ఉన్నదున్నట్టు పట్టేసి ఇచ్చినకాడికి పుచ్చుకోవాలి. తెల్లవారుజామున కరెంటు పోయి ఏరియేటర్లు ఆగి, జనరేటరు మొరాయిస్తే, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి సరుకంతా పైకి తేలుతుంది. పట్టాక ఐసు కరిగేలోగా బండెక్కాలి. ఇదంతా తెలిసిన రొయ్యల కంపెనీవాడు గట్టు మీద నింపాదిగా నిలబడతాడు. ముప్ఫై ఏళ్ళుగా తన సరుకు కోసం ఒక్క కొనుగోలుదారుణ్ణి ఒక్క పూట ఆపలేకపోయిన ఆసామి, తనని ఏళ్ళ తరబడి ఆపగలిగినవాడి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. అందులో ఆశ్చర్యమేముంది, ఆపగలిగినవాడే దొరగారని ఆయనకి చెరువే నేర్పింది.

కొన్నాక ఏం చేస్తాడన్నది కూడా ముందే ఆలోచించి పెట్టాడు. పెట్టుకోడు. పెట్టుకుంటే గీతలు పడతాయి, గీతలు పడితే రేటు పడుతుంది. అంటించొచ్చిన ప్లాస్టిక్ పొర కూడా పీకడు. పెట్టె, కాగితాలు, వారంటీ కార్డు అన్నీ ఉండాలి. లింకు డాక్యుమెంట్లు లేని పొలం ఎవడు కొంటాడు? ఏడాదికోసారి సంక్రాంతి మూడ్రోజులు బరికి, మిగతా 362 రోజులు లాకరుకి. ఈ వాచీ చేతికుంటేనే నడుస్తుంది, తీసి పక్కన పెడితే మూడు రోజుల్లో ఆగిపోతుంది. అందుకని పండగ ముందు ఇంటికి తెచ్చి ఉంచుకోడానికి, వాచీని గిరగిరా తిప్పుతుండే కరెంటు పెట్టె ఒకటి అమ్ముతారు. దాన్ని అప్పుడే ఆర్డరిచ్చాడు. ఇంట్లో ఇన్వర్టరుకి తగిలిస్తాడట. చెరువు దగ్గర ఏరియేటరు ఆగినా, ఇంట్లో వాచీ ఆగకూడదు.

ఫోను మొన్న వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి, గట్టు మీద ఏజెంటు వలలో నాలుగు రొయ్యల్ని పట్టి అరచేతిలో తూస్తున్నప్పుడు. “సార్, మీ వాచీ వచ్చింది. రెండ్రోజుల్లో వచ్చి తీసుకోండి, లేదంటే వరసలో తర్వాతివాళ్ళకి ఇచ్చేయాల్సి ఉంటుంది.” రేపు శుక్రవారం, ఎల్లుండి శనివారం. స్టీలు. అంటే రేపే. ఆసామి ముఖం దీపావళి అయింది. ఏజెంటు ఆ ముఖాన్ని చూశాడు. ఏళ్ళ తరబడి గట్ల మీద ముఖాలు చదివి బతికినవాడు.

“నాలుగ్రోజులాగి పట్టుకుందావండి. కంపెనీలో సరుకు ఎక్కువైందంటన్నారు.”

“లేదు లేదు, ఈ రాత్రికే పట్టేద్దాం.”

“ఈ రాత్రంటే కిలోకి ముప్ఫై తగ్గుద్దండి మరి.”

ఆసామి తన ఎడమ మణికట్టుకేసి ఒకసారి చూసుకున్నాడు. “సరేలే. కాటా ఎన్నింటికి తెస్తావు?”

ఏజెంటు జేబులోంచి సెల్‌ఫోను తీసి టైము చూశాడు. “పదకొండింటికండి. ఆయ్.”